కాగితం లేని మాట

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో 26 ఏళ్లుగా గుమాస్తాని. జీతం 22 వేలు. కొట్టు, గోడౌన్ కలిపి జీతగాళ్లం 14 మందిమి. పెద్ద షావుకారు గారు నన్ను ఇంటిమనిషిలా చూశారు. దీపావళికి ఒక నెల జీతం, ఇంటిల్లిపాదికీ బట్టలు ఇచ్చేవారు. 2009లో ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్లు రెట్టింపు జీతంతో మేనేజరుగా పిలిస్తే, "నువ్వు వెళ్తే నా కుడిచెయ్యి పోయినట్టేరా, నీ పిల్ల పెళ్లి నేను చేయిస్తా, ఉండిపో" అన్నారు. ఉండిపోయాను. రెండేళ్ల కిందట ఆయన పోయారు, అబ్బాయి వచ్చాడు. కంప్యూటర్ లెక్కలు పెట్టాడు. నా కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టాడు. దీపావళి జీతం ఆపేశాడు. ఇప్పుడు మా అమ్మాయికి సంబంధం కుదిరింది, శ్రావణంలో పెళ్లి. వెళ్లి అడిగితే, "నాన్నగారు ఎవరికేం చెప్పారో నాకెలా తెలుస్తుంది? కాగితం ఏమన్నా ఉందా?" అన్నాడు. చిన్నప్పుడు నా భుజమెక్కి యార్డంతా తిరిగిన పిల్లాడు. మామయ్యా అనేవాడు. ఇప్పుడు పేరుకు గారు తగిలించి పిలుస్తున్నాడు. ఏరు దాటాక బోడి మల్లయ్యనయ్యాను. మూడు నెలలుగా నిద్ర లేదు. ఇంట్లో ఎవరేం మాట్లాడినా కసురుకుంటున్నాను. మా ఆవిడ "ఇన్నేళ్లూ వాళ్లకు వెట్టిచాకిరీ చేశారు" అంటోంది. ఆ కొట్టు లెక్కల్లో ఏది ఎక్కడుందో నాకు తెలుసు. నేను నోరు విప్పితే వాళ్ల పని అయిపోతుంది. ఒక్కోసారి అసలీ బతుకెందుకు అనిపిస్తోంది. మానేయాలా, ఉండాలా చెప్పండి.

జవాబు: మీ ఉత్తరంలో చివరనున్న మాటతో మొదలుపెడతాను. బతుకెందుకు అనిపించడం, మూడు నెలలు నిద్ర లేకపోవడం, అయినవాళ్ల మీద కసురుకోవడం. ఈ మూడూ కలిసి వచ్చాయంటే అది కోపం ఒక్కటే కాదు, మనసుకు జబ్బు చేస్తోందని గుర్తు. యార్డు పని చూసుకుని తర్వాత వెళ్దాం అనుకోకండి. ఈ వారంలోనే గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి వెళ్లండి. ఆ ఆలోచన రాత్రిపూట ముంచుకొస్తే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళప్పుడైనా పలుకుతారు. మీ ఆవిడకు కూడా ఈ సంగతి చెప్పండి. కొట్టు గొడవ చెప్పారు కానీ ఈ ఆలోచన వస్తోందన్న మాట ఆమెకు చెప్పి ఉండరని నా అనుమానం.

ఇక మీ బాధ సంగతి. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పెళ్లికి ఎంత కావాలో అందులో ఎక్కడా రాయలేదు. రెండు లక్షలా, పది లక్షలా, ఏమీ లేదు. కానీ మామయ్యా అని పిలిచిన పిల్లాడు పేరుకు గారు తగిలించాడని రాశారు. మీ కుర్చీ గురించి రాశారు. మిమ్మల్ని పడుకోనివ్వనిది డబ్బు ఒక్కటే కాదు. 26 ఏళ్లు ఏ ఇంటికి మనిషినని మీరనుకున్నారో, ఆ ఇంటివాళ్ల లెక్కలో మీరు మనిషి కాదేమోనన్న అనుమానం. "కాగితం ఏమన్నా ఉందా" అన్న మాట అందుకే అంత లోతుగా దిగింది. రైతు దించిన ప్రతి టిక్కీకీ, అంటే మిర్చి బస్తాకీ, తూకం, ధర వేసి తక్‌పట్టీ అనే లెక్క చీటీ రాసిన చెయ్యి మీది. కాటా మీద అరకిలో తేడా వస్తే రైతు ముందు, షావుకారు ముందు తలవంచకుండా నిలబడేలా ప్రతిదానికీ కాగితం పెట్టారు. మీ కోసం మాత్రం ఒక్క చీటీ రాసుకోలేదు. రాసుకుంటే అవమానం అనుకున్నారు. ఇంటిమనిషి కాగితం అడుగుతాడా?

మా నాన్న ఒక బియ్యం మిల్లులో లెక్కలు రాసేవారు. ఏటా సంక్రాంతికి ముందు మిల్లు నుంచి రిక్షాలో రెండు బస్తాల కొత్తబియ్యం వచ్చేవి. ఎవరూ ఒప్పుకున్నది కాదు, జీతంలో లేనిది. ఆయన పని మానేసిన ఏడాది కూడా భోగి ముందురోజు పొద్దున్నుంచీ అరుగు మీద కూర్చున్నారు. చీకటిపడింది, రిక్షా రాలేదు. అమ్మ ఏమీ అనకుండా కొట్టు నుంచి బస్తా తెప్పించి, మిల్లు బస్తాలు పెట్టే మూలనే పెట్టించింది. నాన్న ఆ బియ్యం వండిన అన్నం రెండు రోజులు ముట్టుకోలేదు. అప్పుడు నాకు పదిహేనేళ్లు. బియ్యం కోసం ఇంత పంతమేంటని విసుక్కున్నాను. ఈ పనిలోకొచ్చి మీలాంటివాళ్ల మాటలు వింటుంటే తెలిసింది, ఆయన ఎదురుచూసింది బియ్యం కోసం కాదని.

పనిచేసే చోట మనుషుల మనసులు ఎలా నడుస్తాయో చదివినవాళ్లు దీనికి ఒక పేరు పెట్టారు. 1960లో క్రిస్ ఆర్గిరిస్ అనే అమెరికా ఆచార్యుడు రెండు ఫ్యాక్టరీల్లో మేస్త్రీలతో, కార్మికులతో మాట్లాడి, వాళ్ల మధ్య ఎవరూ రాయని ఒప్పందం ఒకటి ఉందని గమనించాడు. మా పని మమ్మల్ని చేసుకోనివ్వండి, జీతం న్యాయంగా ఇవ్వండి, మేం పని తగ్గనివ్వం, గొడవ చేయం అని. దాన్ని మానసిక ఒప్పందం అన్నాడు. తర్వాత 1989లో డెనిస్ రూసో అనే ఆవిడ ఇంకొక అడుగు వేసింది. ఆ ఒప్పందం ఇద్దరి మధ్య ఉండేది కాదు, ఎవరి మనసులో వాళ్లకు ఉండేది అంది. మీ మనసులో ఒకటి, ఎదుటివాళ్ల మనసులో ఒకటి. రెండూ ఒకటేనని ఇద్దరూ నమ్ముతారు. కావని తెలిసేది ఎప్పుడో ఒకనాడు తెగినప్పుడే. మీ విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. మీ మనసులో ఉన్నది తండ్రితో చేసుకున్న ఒప్పందం. తెంచింది కొడుకు. అతని మనసులో మీతో ఏ ఒప్పందమూ లేకపోవచ్చు.

ఇక్కడ ఒక తేడా చూడండి. తెలిసి మాట తప్పడం వేరు. ఆ మాట తన చెవిన పడనే పడకపోవడం వేరు. మన కోపానికి మాత్రం రెండూ ఒకేలా కనపడతాయి. తండ్రి ఆ మాట అన్న రోజు ఈ అబ్బాయి బడి పిల్లాడో, కాలేజీ పిల్లాడో అయి ఉంటాడు. అతనికి నిజంగా తెలియదేమో. తెలిసీ తప్పించుకుంటున్నాడేమో కూడా. మీరింకా ఒక్కసారే అడిగారు, అదీ సీజన్లో, కొట్టులో నిలబడి, బహుశా నలుగురి ముందు. కాబట్టి అతనికి ద్రోహి అని ముద్ర వేసే రోజు ఇంకా రాలేదు.

ఈ రాత్రి ఒక పుస్తకం తీసుకోండి. చిట్టా ఆవర్జాలు రాసిన మనిషికి ఇది నేర్పనక్కర్లేదు. వాళ్లు మీకు బాకీ ఉన్నారని మీరనుకునేవన్నీ రాయండి. రాశాక ఒక్కొక్కదాని పక్కన, ఇది వాళ్లు నోటితో అన్న మాటా, ఏళ్ల తరబడి జరిగిన ఆనవాయితీయా, నేను ఆశపడ్డదా అని గుర్తు పెట్టండి. నిజాయతీగా పెట్టండి. అమ్మాయి పెళ్లి, అన్న మాట. అది ఉత్త దయ కూడా కాదు. మీరు రెట్టింపు జీతం వదులుకున్నందుకు బదులుగా అన్నది. మీరు మీ వంతు చేశారు, 15 ఏళ్లకు పైగా చేశారు. దీపావళి జీతం ఆనవాయితీ. మీ కుర్చీ ఎప్పటికీ మీదేనని, పెద్దాయన తర్వాత అబ్బాయి ప్రతి పనీ మిమ్మల్ని అడిగాకే చేస్తాడని, మామయ్యా అనే పిలుపు ఆగదని మీకెవరూ చెప్పలేదు. అవి ఆశలు. ఆశ పోతే వచ్చే బాధ తక్కువేం కాదు. కానీ దాన్ని బాకీ కింద వసూలు చేయడం ఎవరివల్లా కాదు. మీరిప్పుడు మూడూ ఒకే పద్దు కింద రాసుకుని, మొత్తం ఎగ్గొట్టారని కుమిలిపోతున్నారు. విడదీస్తే, గట్టిగా అడగాల్సినవి రెండో మూడో తేలతాయి. మిగిలినవాటికి ఏడవాలి. మగవాడు ఏడవడమేమిటి అనుకోకండి, ఏడవండి.

ఆనవాయితీ గురించి ఒక పాత సంగతి చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1917లో, బొంబాయి బట్టల మిల్లుల యజమానులు లాభాలు బాగా వస్తున్నాయని కార్మికులకు బోనస్ ఇచ్చారు. తర్వాత ఏటేటా ఇస్తూ వచ్చారు. 1923లో లాభాల్లేవని ఆపేశారు. యజమానులు దాన్ని ఇష్టపడి ఇచ్చిన కానుక అనుకున్నారు, కార్మికులు తమ జీతంలో భాగం అనుకున్నారు. 1924 జనవరిలో లక్షన్నర మంది దాకా మిల్లులు వదిలి బయటికొచ్చారు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షతన ఒక కమిటీ వేస్తే, కార్మికులకు ఆ బోనస్ మీద హక్కు లేదని తేల్చింది. వాళ్లు ఉత్త చేతులతో పనిలోకి వెళ్లారు. బోనస్‌కు చట్టం వచ్చింది 1965లో. ఎందుకు చెబుతున్నానంటే, ఏటా వచ్చేది మనదేనని నమ్మడం మీ అమాయకత్వం కాదు. లక్షన్నర మంది అలాగే నమ్మారు. కాకపోతే ఆ చట్టమైనా, ఇప్పుడది కలిసిపోయిన వేతనాల కోడ్ అయినా 20 మంది, ఆ పైన పనిచేసే చోట్లకు. మీ 14 మందికి అది అందదు. దీపావళి జీతం అడగండి, తప్పులేదు, కానీ హక్కుగా అడిగే దారి లేదని తెలిసి అడగండి.

మీకు హక్కుగా ఉన్నది ఇంకొకటి ఉంది. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. గ్రాట్యుటీ. పదిమంది, ఆ పైన పనిచేసే కొట్లకు కూడా 1972 నుంచీ ఆ చట్టం ఉంది, ఇప్పుడది సామాజిక భద్రత కోడ్ అనే కొత్త చట్టంలో కలిసింది. ఐదేళ్లు దాటి పనిచేసినవాళ్లు మానేసినా, వయసు మీరి దిగిపోయినా, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలి. నెలకు 26 రోజులుగా కట్టాలి. మీ జీతం 22 వేలు, సర్వీసు 26 ఏళ్లు. లెక్క వేస్తే సరిగ్గా 15 నెలల జీతం, అంటే 3,30,000 రూపాయలు. ఇది షావుకారు దయ కాదు, పెద్దాయన మాట కాదు, మీ కష్టం. మీ పేరు జీతాల రిజిస్టరులో ఎప్పటి నుంచి ఉంది, 22 వేలూ పుస్తకంలో చూపిస్తున్నారా, కొంత పుస్తకంలో కొంత చేతికా అన్నది చూసుకోండి. యార్డుల్లో అలా జరుగుతుంటుంది. లెక్కలు రాసింది మీరే కాబట్టి మీకే తెలుసు. 14 మందిలో హమాలీలను కలిపి ఉంటే తీసేసి లెక్కపెట్టండి, కొట్టు నుంచి జీతం తీసుకునేవాళ్లనే లెక్కలోకి తీసుకోవాలి. ఇవ్వకపోతే కార్మిక శాఖలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంకొక జాగ్రత్త. పెళ్లికి డబ్బు ఇస్తూ, ఇది గ్రాట్యుటీలో జమ అని కాగితం ముందు పెడితే ఆ రోజే సంతకం చేయకండి. ఇంటికి తెచ్చుకుని, తెలిసిన లాయరుకు చూపించండి. పెళ్లి మాట వేరు, ఇది వేరు.

పెళ్లి మాటకు కోర్టు మెట్లెక్కమని నేను చెప్పను. నోటి ఒప్పందం చెల్లదని చట్టం అనదు గానీ, పోయిన మనిషి అన్నమాటను రుజువు చేయబోతే మీ డబ్బు, ఆరోగ్యం రెండూ పోతాయి. ఆ మాటను మాటగానే అడగాలి. మే నెలలో యార్డుకు సెలవులొస్తాయి కదా, అప్పుడు అడగండి. కాటాలు ఆగి, ఫోన్లు తగ్గి, మనిషి మనిషిని చూసే రోజులవి. కొట్టులో వద్దు, వాళ్లింటికి వెళ్లండి. ముందురోజు ఫోన్ చేసి, "బాబూ, ఒక అరగంట మీతో మాట్లాడాలి, ఇంటి విషయం" అని చెప్పి వెళ్లండి. పెళ్లి శుభలేఖ తీసుకెళ్లండి, పసుపు పెట్టి ఇవ్వండి. ఆ తర్వాత ఇలా మొదలుపెట్టచ్చు: "2009లో నాకు వేరే చోట మేనేజరు ఉద్యోగం వచ్చింది. నాన్నగారు ఉండిపొమ్మన్నారు. పాప పెళ్లి చేయిస్తానన్నారు. కాగితం లేదు, నేనూ అడగలేదు. ఆ మాట మీకు తెలియకపోవచ్చు, తెలియాలని చెబుతున్నాను. పెళ్లికి ఇంత అవుతుంది, ఇంత నేను సర్దుకున్నాను. నాన్నగారి మాట కింద మీరు ఎంత చేయగలరో చెప్పండి." అంతే. 26 ఏళ్ల చాకిరీ ఏకరువు పెట్టకండి. భుజాన ఎక్కించుకున్న సంగతి ఎత్తకండి. అది మీకు ప్రేమ, అతనికి ఆ క్షణంలో ఎత్తిపొడుపులా వినపడుతుంది. అంకె మాత్రం చెప్పండి. అంకె లేని అడగడం అతనికి భయం పుట్టిస్తుంది, మీకు చిన్నతనం మిగులుస్తుంది. అతని తల్లి, పెద్దమ్మగారు, అక్కడ ఉంటే మంచిదే, ఆవిడకు ఆ మాట గుర్తుండే ఉంటుంది. కానీ కొడుకుని దాటి ముందు ఆవిడ దగ్గరికి వెళ్లకండి. అలా చేస్తే అది సాక్ష్యం అవ్వదు, పితూరీ అవుతుంది.

ఈ జవాబు ఆ అబ్బాయి కంటపడితే అతనికీ ఒక మాట. తండ్రి ఆస్తి పంచుకునేటప్పుడు బాకీలు కూడా చూసుకుంటారు. నలభై ఏళ్ల వ్యాపారంలో పెద్దాయన నోటితో చేసిన బాకీలు పుస్తకంలో ఉండవు. మీ దగ్గర పాతికేళ్లుగా ఉన్న ఇద్దరు ముగ్గుర్నీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, నాన్నగారు మీకేమన్నా చెప్పారా అని అడగండి. అన్నీ తీర్చలేకపోవచ్చు. ఇది నావల్ల కాదు అని మొహం మీద చెప్పినా, కాగితం ఉందా అన్నదానికన్నా అది వాళ్లకు గౌరవం. దీపావళి జీతం ఆపాలంటే మూడు నెలల ముందే ఎందుకో చెప్పి ఆపాలి. పండగరోజు తెలియకూడదు.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. "నోరు విప్పితే వాళ్ల పని అయిపోతుంది" అన్నారు. మీ మాటల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. ఆ లెక్కలు రాసింది మీ చెయ్యి. వాటిలో ఏదైనా తప్పు ఉంటే మీరూ అందులో ఉంటారు. దాన్ని చూపించి డబ్బు అడిగితే, మీ న్యాయమైన అడగడం ఆ నిమిషంలో బెదిరింపు అవుతుంది, చట్టం కూడా అలాగే చూస్తుంది. మీకు మిగిలిన పెద్ద ఆస్తి, యార్డులో మీ పేరు. 26 ఏళ్లు ఒక్క పట్టీలో తేడా రానివ్వని గుమాస్తా అని రైతులకు, పక్క కొట్లవాళ్లకు మీరు తెలుసు. రేపు ఇంకో చోట పని ఇచ్చేది ఆ పేరే. తప్పుడు లెక్కలు రాయడం మనస్సాక్షికి పట్టకపోతే ఇకమీదట రాయనని చెప్పండి, అది వేరే సంగతి, దాన్ని పెళ్లి డబ్బుతో ముడిపెట్టకండి.

ఇంకో లెక్క గురించి అడగాలి. కష్టంగా ఉంటుంది, అయినా అడుగుతాను. సీజన్లో తెల్లారకముందే వెళ్లి రాత్రి పదికి వచ్చేవారు కదా. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి అన్నీ ఆ నెలల్లోనే వస్తాయి. 26 ఏళ్లు ఆ పండగలు మీ ఆవిడ ఒంటరిగా చేసుకుంది. మిర్చి ఘాటు పట్టిన చొక్కాలు దగ్గుతూ ఉతికింది. "పాప పెళ్లికి షావుకారు గారున్నారు" అని మీరు చెప్పిన ధైర్యాన్ని నమ్మి, ఆమె కూడా ఆ జీతంతో సర్దుకుంది. మీకు షావుకారు ఎలాగో, ఆమెకు మీరు అలాగ. ఆమె మనసులోనూ ఒక రాయని ఒప్పందం ఉంది, అదీ తెగింది. "వెట్టిచాకిరీ చేశారు" అన్న మాట మీకు దెప్పుడులా వినపడింది. నాకు మాత్రం, నన్నెందుకు అడగలేదు 2009లో, అని వినపడుతోంది. ఆ రోజు ఉద్యోగం వదులుకునే ముందు ఆమెను అడిగారా? అడగకపోతే ఇప్పుడు చెప్పండి. "నిన్ను అడగకుండా నిర్ణయించాను, నిన్ను కూడా నమ్మించాను, నాదే తప్పు" అని. మీరు చిన్న షావుకారు నోట వినాలనుకుంటున్న మాట ఇలాంటిదే కదా. అది మీ నోట ముందు మీ ఇంట్లో వినపడనివ్వండి. కసురుకున్నందుకు అమ్మాయికీ చెప్పండి. పెళ్లి కూతురు ఇప్పుడు తన వల్లే నాన్నకు ఈ కష్టమని లోలోపల కుమిలిపోతూ ఉంటుంది.

మానేయాలా ఉండాలా అని అడిగారు. పెళ్లయ్యే దాకా మానకండి. కోపంలో ఇచ్చే రాజీనామా, పెళ్లి ఖర్చుల మధ్య ఆగిపోయే జీతం, రెండూ ఒకేసారి వద్దు. శ్రావణం తర్వాత ఆలోచించండి. అతను ఏదో ఒకటి ఒప్పుకుని, కొత్త పద్ధతిలో మీ పని ఏమిటో, జీతమెంతో, ఎన్ని గంటలో కాగితం మీద పెడితే ఉండచ్చు. ఈసారి కాగితం అడగడానికి సిగ్గుపడకండి. అతనే అడిగాడు కదా కాగితం ఉందా అని, ఇకనుంచి ఉంటుంది. ఇంటిమనిషిగా కాక ఉద్యోగిగా ఉండగలనా అని మిమ్మల్ని మీరు అడగండి. ఆరింటికి లేచి ఇంటికి రాగలరా? మీ కుర్చీలో కూర్చున్న కుర్రాడికి మిర్చి రకాల తేడా, తేజ రకానికీ 334 రకానికీ ధర ఎందుకు మారుతుందో, ఏ రైతు బాకీ ఎప్పుడు అడగాలో నేర్పగలరా? నేర్పగలిగితే అక్కడ మీకింకా చోటుంది. అతన్ని చూస్తేనే కడుపు రగిలిపోతుంటే, గ్రాట్యుటీ తీసుకుని పక్క కొట్టులో చేరండి. 52 ఏళ్లు యార్డులో పెద్ద వయసేం కాదు.

అతను ఏమీ ఇవ్వనంటే? అనవచ్చు. అప్పుడు పెళ్లి చిన్నది చేయండి. వియ్యాలవారికి ముందే, ఇప్పుడే, మీరే చెప్పండి, ఇంతవరకే చేయగలం అని. ఆ సంభాషణకు మీ ఆవిడను తోడు తీసుకెళ్లండి.

వైద్యుడి దగ్గరికి వెళ్లడం మాత్రం మే దాకా ఆపకండి. చిన్న షావుకారుతో మాట్లాడాక నాకు రాయండి. అతనేమన్నాడో తర్వాత రాద్దురుగాని, ఆ రాత్రి మీకు నిద్ర పట్టిందో లేదో ముందు రాయండి.